వ్యాపారానికి పేరు: బోర్డు రాయించే ముందు తెలుసుకోవాల్సినవి

ఒక వ్యాపారానికి మూడు పేర్లు ఉండవచ్చు. పాన్ కార్డు మీద, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద, ఒప్పంద పత్రాల మీద ఉండేది చట్టబద్ధమైన పేరు. దుకాణం బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద రాసుకునేది వ్యాపార నామం. సరుకును చూడగానే ఫలానా వాళ్లదని కొనేవారు గుర్తుపట్టే పేరో, బొమ్మో ట్రేడ్‌మార్క్. మూడింటికీ ఒకే పేరు వాడుకోవచ్చు, వేర్వేరు పేర్లూ పెట్టుకోవచ్చు. అయితే వాటికి వర్తించే చట్టాలు వేరు, నమోదు చేసే కార్యాలయాలు వేరు, వాటివల్ల దక్కే హక్కులూ వేరు. ఒకచోట నమోదైతే పేరు అన్నివిధాలా సొంతమైందని అనుకోవడమే కొత్త వ్యాపారులను చిక్కుల్లో పడేస్తుంది.

రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల వారికి ఈ విషయం ఇప్పుడు చాలా అవసరం. హైదరాబాద్-బీజాపూర్ రోడ్డు వెంట ఉన్న ఈ రెండు మండలాలు ఎంతోకాలంగా నగరానికి కూరగాయలు, పూలు పంపుతున్నాయి. నగరం ఇటువైపు విస్తరించడంతో నర్సరీలు, పాలీహౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు, రిసార్టులు, ఇంజినీరింగ్ కాలేజీల చుట్టూ హాస్టళ్లు, టిఫిన్ సెంటర్లు వెలిశాయి. 2025లో చేవెళ్ల, మొయినాబాద్ మున్సిపాలిటీలయ్యాయి. పండిన పంటను రైతు మార్కెట్‌కు తీసుకెళ్లి అమ్ముకున్నంతకాలం వ్యాపారానికి పేరుతో పనిలేదు. అదే రైతు సూపర్‌మార్కెట్‌తో ఒప్పందం చేసుకోవాలన్నా, ఇంట్లో పట్టిన పచ్చళ్లను ప్యాకెట్లలో అమ్మాలన్నా, బ్యాంకులో కరెంట్ ఖాతా తెరవాలన్నా పేరు కావాలి, ఆ పేరుకు కాగితం కావాలి.

వ్యాపార రూపాన్ని బట్టి పేరు

చట్టబద్ధమైన పేరు ఎలా ఉండాలన్నది వ్యాపారం ఏ రూపంలో సాగుతుందన్న దాన్ని బట్టి తేలుతుంది. కాబట్టి ముందు రూపాన్ని నిర్ణయించుకుని, ఆ తర్వాత పేరు గురించి ఆలోచించడం మంచిది.

ఒక్కరే యజమానిగా నడిపే వ్యాపారాన్ని ప్రొప్రైటర్‌షిప్ అంటారు. కిరాణా కొట్టు, టిఫిన్ సెంటర్, చిన్న నర్సరీ ఎక్కువగా ఈ కోవలోకే వస్తాయి. చట్టం దృష్టిలో ఇక్కడ యజమాని, వ్యాపారం వేరు కాదు. వ్యాపారానికి విడిగా పాన్ ఉండదు, యజమాని పాన్ నంబరే వర్తిస్తుంది. యజమాని పేరే చట్టబద్ధమైన పేరు. బోర్డు మీది పేరును నమోదు చేయడానికి ప్రత్యేకంగా రిజిస్ట్రార్ అంటూ ఎవరూ లేరు. జీఎస్టీ, చిన్న పరిశ్రమల నమోదు అయిన ఉద్యమ్, షాపుల చట్టం కింద తీసుకునే పత్రాల్లో ఆ పేరు చేరుతుంది, అంతే. యజమాని తన వ్యాపారానికి ట్రేడర్స్, ఎంటర్‌ప్రైజెస్, అండ్ సన్స్ వంటి మాటలు చేర్చుకోవచ్చు. కానీ కంపెనీగా నమోదు కాకుండా ప్రైవేట్ లిమిటెడ్, లిమిటెడ్ అని రాసుకోకూడదు. అలా రాస్తే కంపెనీల చట్టం 453వ సెక్షన్ ప్రకారం రోజుకు 500 నుంచి 2,000 రూపాయల వరకు జరిమానా పడుతుంది.

ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ మంది కలిస్తే అది భాగస్వామ్య సంస్థ. దీనికి వర్తించేది 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం. సంస్థ పేరు, చిరునామా, భాగస్వాముల వివరాలు, వారు చేరిన తేదీలు, సంస్థ కాలపరిమితి రాసి జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించుకోవచ్చు. నమోదు తప్పనిసరి కాదు. అయినా చేయించుకోకపోతే నష్టం సంస్థకే. 69వ సెక్షన్ ప్రకారం, నమోదు కాని సంస్థ ఒప్పందం ఆధారంగా తనకు రావాల్సిన బాకీ కోసం బయటివారి మీద దావా వేయలేదు. ఫంక్షన్ హాలు అద్దె ఎగ్గొట్టినా, పూలు తీసుకున్న వ్యాపారి డబ్బు ఇవ్వకపోయినా ఈ సెక్షన్ అడ్డొస్తుంది.

పరిమిత బాధ్యత భాగస్వామ్యానికి 2008 నాటి చట్టం ఉంది. ఆ సంస్థ పేరు చివర ఎల్‌ఎల్‌పీ అని ఉండాలి. ప్రైవేట్ కంపెనీకి 2013 కంపెనీల చట్టం వర్తిస్తుంది, పేరు చివర ప్రైవేట్ లిమిటెడ్ అని రావాలి. ఒక్కరే కంపెనీ పెట్టుకోవాలనుకుంటే వన్ పర్సన్ కంపెనీగా నమోదు చేసుకోవచ్చు, ఆ సంగతి పేరుతోపాటు కనిపించాలి.

కూరగాయల, పూల రైతులకు మరో దారి ఉంది. కనీసం 10 మంది ఉత్పత్తిదారులు కలిసి ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టుకోవచ్చు. 2002లో పాత కంపెనీల చట్టంలో చేర్చిన ఈ ఏర్పాటును 2020 సవరణతో ప్రస్తుత చట్టంలోకి తెచ్చారు. దీని పేరు ప్రొడ్యూసర్ కంపెనీ లిమిటెడ్ అనే మాటలతో ముగియాలి.

ఎలాంటి పేరు ఎంచుకోవాలి

మంచి పేరుకు మొదటి లక్షణం ప్రత్యేకత. ‘తాజా కూరగాయలు’, ‘మంచి పూలు’ వంటి పేర్లు సరుకు ఏమిటో చెబుతాయి తప్ప అమ్మేది ఎవరో చెప్పవు. సరుకు రకాన్ని, నాణ్యతను, అది వచ్చిన చోటును మాత్రమే తెలిపే మాటలను 1999 ట్రేడ్‌మార్క్ చట్టం 9వ సెక్షన్ మామూలుగా నమోదుకు అనుమతించదు. ‘చేవెళ్ల టమాటా’ అని పేరు పెట్టుకుంటే చేవెళ్ల మీదా, టమాటా మీదా ఎవరికీ గుత్తహక్కు రాదు. ఊరి పేరు కలిపినా తప్పు లేదు. కానీ పక్కన గుర్తుండిపోయే మరో మాట ఉంటేనే ఆ పేరుకు రక్షణ దొరుకుతుంది.

దేవుళ్ల పేర్లకూ ఇలాంటి పరిమితే ఉంది. మొయినాబాద్ మండలంలో చిలుకూరు బాలాజీ ఆలయం ఉంది కాబట్టి చుట్టుపక్కల బాలాజీ, వేంకటేశ్వర, పద్మావతి పేర్లతో వ్యాపారాలు చాలానే ఉంటాయి. భక్తితో ఆ పేరు పెట్టుకునే హక్కు అందరికీ ఉంది, మరొకరిని ఆపే హక్కు మాత్రం ఒక్కరికే దక్కడం కష్టం. ‘రామాయణ్’ అనే పేరును అగరుబత్తులకు ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించుకోవాలని ఒక వ్యాపారి కోరిన కేసులో 2015లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పవిత్ర గ్రంథాల పేర్లను సరుకుల గుర్తుగా సొంతం చేసుకునే హక్కు ఎవరికీ లేదని చెప్పింది.

కొన్ని మాటలు వాడుకోవడానికే వీల్లేదు. 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం జాతీయ చిహ్నాలను, మహాత్మాగాంధీ, ఛత్రపతి శివాజీ వంటి మహనీయుల పేర్లను అనుమతి లేకుండా వ్యాపారానికి వాడడాన్ని నిషేధించింది. కంపెనీల నియమాల ప్రకారం నేషనల్, సెంట్రల్, బోర్డు, కమిషన్, మున్సిపల్, పంచాయతీ వంటి మాటలకు కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. బ్యాంక్, ఇన్సూరెన్స్, మ్యూచువల్ ఫండ్ వంటి మాటలకు ఆయా రంగాల నియంత్రణ సంస్థల ఆమోదం ఉండాలి. భాగస్వామ్య సంస్థల విషయంలో 1932 చట్టం కింగ్, క్వీన్, ఎంపరర్, ఇంపీరియల్, రాయల్ వంటి మాటలను రాష్ట్ర ప్రభుత్వ రాతపూర్వక సమ్మతి లేకుండా వాడనివ్వదు. హోటళ్లకు, ఫంక్షన్ హాళ్లకు ‘రాయల్’ అని పెట్టాలనుకునే భాగస్వాములు దీన్ని ముందే గమనించాలి.

న్యూమరాలజీ ప్రకారం ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఒక అక్షరం కలపడం, తీసేయడం తెలుగునాట మామూలే. ‘శ్రీ’ని ఇంగ్లిష్‌లో కనీసం మూడు రకాలుగా రాస్తారు. ఈ మార్పులతో కొత్త పేరు పుట్టదు. 2019లో సవరించిన కంపెనీల నియమాల ప్రకారం స్పెల్లింగ్ తేడా, ఏకవచన బహువచనాల తేడా, మాటల మధ్య ఖాళీ, మాటల వరుస, చివర చేర్చిన ‘డాట్ కామ్’ లెక్కలోకి రావు. పలికినప్పుడు ఒకేలా వినిపిస్తే ఒకటిగానే చూస్తారు. ఇప్పటికే ఉన్న కంపెనీ పేరుకు ముందు ‘చేవెళ్ల’ అని తగిలించినా అది వేరే పేరు కాదు.

ముందు వెతకడం

పేరు మనసులో స్థిరపడ్డాక, ఎవరికీ అచ్చు ఆర్డర్ ఇవ్వకముందే నాలుగు చోట్ల వెతకాలి. మొదటిది కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్. దేశంలో నమోదైన కంపెనీల, ఎల్‌ఎల్‌పీల పేర్లు అందులో ఉచితంగా చూడవచ్చు. రెండోది ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ పోర్టల్. ఇందులో రాతను బట్టే కాక, ఉచ్చారణను బట్టి కూడా వెతికే వీలుంది. మూడోది ఇంటర్నెట్ చిరునామాల జాబితా. నాలుగోది స్థానిక మార్కెట్. చిన్న వ్యాపారాల్లో చాలావాటి పేర్లు ఏ పోర్టల్‌లోనూ దొరకవు. కాబట్టి చేవెళ్ల నుంచి మెహిదీపట్నం దాకా అదే రంగంలో అదే పేరుతో ఎవరైనా ఉన్నారేమో తిరిగి చూడడం, ఆన్‌లైన్ మ్యాపుల్లో వెతకడం తప్పనిసరి.

ట్రేడ్‌మార్క్ వెతుకులాటకు తరగతి తెలియాలి. సరుకులను, సేవలను 45 తరగతులుగా విభజించారు. తాజా కూరగాయలు, పూలు, మొక్కలు 31వ తరగతి. నిల్వ కూరగాయలు 29, మసాలాలు, మిఠాయిలు 30. హోటళ్లు, బస, భోజన సేవలు 43. నర్సరీ పెట్టేవారు 31ని, రిసార్టు పెట్టేవారు 43ని తప్పక చూడాలి. సరుకుకు దగ్గరగా ఉండే పక్క తరగతులనూ చూస్తే మరింత భద్రం.

నమోదు ఎలా జరుగుతుంది

కంపెనీకైతే పేరు కేటాయింపుతోనే నమోదు మొదలవుతుంది. 2020 ఫిబ్రవరి నుంచి స్పైస్ ప్లస్ అనే ఆన్‌లైన్ ఫారం అమల్లో ఉంది. దాని మొదటి భాగంలో కోరుకున్న పేర్లు, వ్యాపార లక్ష్యాలు రాసి 1,000 రూపాయల రుసుముతో పంపాలి. పేరును పరిశీలించేది కేంద్ర రిజిస్ట్రేషన్ సెంటర్. ఆమోదం వచ్చిన రోజు నుంచి 20 రోజులు ఆ పేరు దరఖాస్తుదారుకే ఉంటుంది. అదనపు రుసుము కడితే మొత్తం 60 రోజుల వరకు పొడిగించుకోవచ్చు. ఆలోపు రెండో భాగం నింపి కంపెనీని నమోదు చేయించుకోకపోతే పేరు మళ్లీ అందరికీ అందుబాటులోకి వస్తుంది. ఎల్‌ఎల్‌పీకి కేటాయించిన పేరు మూడు నెలలు ఉంటుంది.

ప్రొప్రైటర్‌కు ఇంత ప్రక్రియ లేదు. కానీ ఆ వ్యాపారం పేరుకు రుజువు కావాలంటే కొన్ని పత్రాలు కూడబెట్టుకోవాలి. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం ప్రొప్రైటర్ పేర కరెంట్ ఖాతా తెరవడానికి బ్యాంకులు సాధారణంగా వ్యాపార నామం ఉన్న రెండు పత్రాలు అడుగుతాయి. వాటిలో తేలిగ్గా దొరికేది ఉద్యమ్ సర్టిఫికెట్. 2020 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఈ నమోదు ఆధార్ నంబర్‌తో, పూర్తిగా ఉచితంగా జరుగుతుంది. దీనికి రుసుము అడిగే ప్రైవేటు వెబ్‌సైట్లకు డబ్బు కట్టాల్సిన పనిలేదు.

తెలంగాణలో ఏడాది టర్నోవర్ 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. సొంత పొలంలో పండించిన పంటను అమ్మే రైతుకు ఈ బాధ్యత లేదు. జీఎస్టీ సర్టిఫికెట్‌ను ఒకసారి పరిశీలనగా చూస్తే చట్టబద్ధమైన పేరుకూ వ్యాపార నామానికీ ఉన్న తేడా కళ్లకు కడుతుంది. మొదటి వరుసలో లీగల్ నేమ్ అని ఉంటుంది, ప్రొప్రైటర్‌కైతే అక్కడ పాన్ కార్డు మీద ఉన్న మనిషి పేరే వస్తుంది. రెండో వరుసలో ట్రేడ్ నేమ్ అని ఉంటుంది, బోర్డు మీది పేరు అక్కడ చేరుతుంది. ఆ కింద వ్యాపార రూపం, చిరునామా వస్తాయి. 15 అంకెలు, అక్షరాల జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు 36 అయితే అది తెలంగాణ. తర్వాతి పది పాన్ నంబరే. అందులో నాలుగో అక్షరం చూస్తే వ్యక్తా, భాగస్వామ్య సంస్థా, కంపెనీయా అన్నది తెలుస్తుంది.

షాపులు, సంస్థల చట్టం కింద కార్మిక శాఖలో నమోదు కావాలి, మీసేవ ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. మున్సిపాలిటీ పరిధిలో ఉంటే మున్సిపాలిటీ నుంచి, గ్రామంలో ఉంటే గ్రామ పంచాయతీ నుంచి ట్రేడ్ లైసెన్స్ తీసుకోవాలి. ఈమధ్యే మున్సిపాలిటీలో కలిసిన ఊళ్లవారు తమ పాత పంచాయతీ కాగితాల సంగతి కనుక్కోవడం మంచిది. తినే వస్తువులు తయారుచేసినా, అమ్మినా ఆహార భద్రతా సంస్థ నమోదు ఉండాలి.

పేరు నమోదుకు, స్థలం అనుమతికి సంబంధం లేదన్నది ఇక్కడివారు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన జీవో 111 కిందికి 84 గ్రామాలు వచ్చాయి, వాటిలో చేవెళ్ల, మొయినాబాద్ మండలాల ఊళ్లూ ఉన్నాయి. 2022లో జీవో 69 ఆ ఆంక్షలను షరతులతో సడలించింది. రిసార్టుకో, ప్రాసెసింగ్ యూనిట్‌కో కంపెనీ నమోదైనంత మాత్రాన కట్టడానికి అనుమతి వచ్చినట్టు కాదు. సర్వే నంబర్ పట్టుకుని భూవినియోగం విడిగా కనుక్కోవాలి.

బోర్డు మీద ఏముండాలి

షాపుల చట్టం నియమాల ప్రకారం బోర్డు మీద పేరు తెలుగులో ఉండాలి. వేరే భాషలో రాస్తే అది తెలుగు కింద రావాలి. జీఎస్టీ నమోదైన వ్యాపారం తన నంబరును ప్రవేశద్వారం దగ్గరి బోర్డు మీద, సర్టిఫికెట్‌ను లోపల కనిపించేలా పెట్టాలి. కంపెనీ అయితే కంపెనీల చట్టం 12వ సెక్షన్ ప్రకారం వ్యాపారం సాగే ప్రతిచోటా పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా స్థానిక భాషలోనూ కనిపించాలి. లెటర్‌హెడ్‌ల మీద, బిల్లుల మీద కంపెనీ గుర్తింపు సంఖ్య ఉండాలి.

పేరు మీద తగాదా వస్తే

కంపెనీ రిజిస్ట్రార్ ఒక పేరును ఆమోదించినా ట్రేడ్‌మార్క్ యజమాని అభ్యంతరం చెప్పవచ్చు. కంపెనీ నమోదైన మూడేళ్లలోపు ఫిర్యాదు వస్తే కంపెనీల చట్టం 16వ సెక్షన్ కింద పేరు మార్చుకోవాలని ఆదేశించే అధికారం కేంద్రానికి ఉంది. మార్చుకోని కంపెనీకి 2021 సెప్టెంబర్ నుంచి ప్రభుత్వమే ఒక సంఖ్యతో కూడిన పేరు తగిలిస్తుంది. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న పేరు అలా పోతుంది.

నమోదు లేని పేరుకూ రక్షణ ఉంది. అహ్మదాబాద్‌లో ముక్తజీవన్ కలర్ ల్యాబ్ అనే ఫొటో వ్యాపారం 1982 నుంచి నడుస్తుండేది. అదే పేరుతో నగరంలోనే మరొకరు వ్యాపారానికి సిద్ధమయ్యారు. రెండు దుకాణాల మధ్య కొన్ని కిలోమీటర్ల దూరం ఉందంటూ కింది కోర్టులు ఆపడానికి ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు 2001 డిసెంబర్‌లో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చి, రెండోవారు ఆ పేరు వాడకుండా అడ్డుకుంది. ఒకరి సరుకును మరొకరి సరుకుగా నమ్మించే హక్కు ఎవరికీ లేదన్నదే ఆ తీర్పు సారం.

తెలుగువారికి బాగా తెలిసిన కేసు ఈనాడుది. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఆ పత్రిక పేరును బెంగళూరుకు చెందిన ఒక అగరుబత్తుల తయారీదారు తన ప్యాకెట్ల మీద వాడారు. పత్రిక వేరు, అగరుబత్తి వేరు అన్న వాదన నిలవలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పేరు వినగానే పత్రికే గుర్తొచ్చేంత ప్రత్యేకత వచ్చిందని, రాష్ట్రంలో ఆ పేరుతో అగరుబత్తులు అమ్మకూడదని 2011 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందు 2004లో, సత్యం ఇన్ఫోవే సంస్థ వేసిన కేసులో ‘సిఫీ’ అనే ఇంటర్నెట్ చిరునామాకూ వ్యాపార నామానికున్న రక్షణే వర్తిస్తుందని అదే కోర్టు తేల్చింది. కాబట్టి వెబ్‌సైట్ పేరు ఎంచుకునేటప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం.

ట్రేడ్‌మార్క్, పేరు మార్పు

సరుకు నాలుగు చోట్లకు వెళ్లాలనుకునేవారు ట్రేడ్‌మార్క్ దరఖాస్తును వాయిదా వేయకూడదు. వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. తెలంగాణ దరఖాస్తులు చెన్నైలోని ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. పరిశీలన అయ్యాక జర్నల్‌లో ప్రచురిస్తారు. నాలుగు నెలల్లోపు ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే నమోదవుతుంది. ఆ హక్కు పదేళ్లు ఉంటుంది, ఆపై పదేసి ఏళ్లకు రెన్యువల్ చేయించుకోవచ్చు. నమోదు కాకముందు పేరు పక్కన టీఎం అని మాత్రమే రాయాలి. వలయంలో ఆర్ అక్షరం నమోదయ్యాకే వాడాలి. నమోదు చేయించుకున్నవారి వాడకం, నమోదు ఈ రెండింటిలో ఏది ముందైతే దానికన్నా ముందు నుంచి ఆ పేరును ఎడతెగకుండా వాడుతున్నవారికి ట్రేడ్‌మార్క్ చట్టం 34వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. అందుకే తేదీతో ఉన్న మొదటి బిల్లు, మొదటి ప్యాకెట్, ప్రారంభోత్సవ కరపత్రం భద్రపరచాలి. తగాదా వస్తే సాక్ష్యాలు అవే.

తర్వాత పేరు మార్చాలంటే కంపెనీ ప్రత్యేక తీర్మానం చేసి ప్రభుత్వ ఆమోదం పొందాలి, రెండేళ్లపాటు పాత పేరునూ చూపించాలి. జీఎస్టీలో మార్పును 15 రోజుల్లోగా తెలపాలి. ఆ వెనకే బ్యాంకు, లైసెన్సులు, బోర్డు, ప్యాకెట్లు అన్నీ మారాలి. ఆ ఖర్చుతో పోలిస్తే ముందుగా వెతకడానికి పట్టే సమయం చాలా తక్కువ.

చేవెళ్లలోనైనా మొయినాబాద్‌లోనైనా కొత్తగా వ్యాపారం పెడుతున్నవారు ముహూర్తం పెట్టుకునే ముందే పేరును నాలుగు చోట్లా వెతకాలి. ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా అన్ని కాగితాల్లో ఒకేలా రాయించుకోవాలి. వీలైనంత త్వరగా ట్రేడ్‌మార్క్‌కు దరఖాస్తు చేయాలి. కష్టపడి సంపాదించుకున్న మంచి పేరు చట్టం ముందు కూడా సొంత పేరుగా నిలిచేది అప్పుడే.